పాత ట్రక్కు హెడ్‌లైట్లకు రిలే: వెలుగు ఎక్కడ పోతోంది, ఎంత తిరిగొస్తుంది

పాత ట్రక్కుల హెడ్‌లైట్లు పసుపుగా, నీరసంగా వెలుగుతుంటే ఎక్కువమంది ముందు బల్బు మారుస్తారు. తేడా కనపడకపోతే ఇంకాస్త ఖరీదైన బల్బు వేస్తారు. అప్పటికీ రోడ్డు కనపడకపోతే ఎవరో ఒకరు “రిలే హార్నెస్ వేయించు, వెలుగు రెట్టింపవుతుంది” అంటారు. అదే చోట ఇంకొకరు “కంపెనీ వైరింగ్‌ను ముట్టుకోకు, లేనిపోని టెన్షన్” అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట ఏ ట్రక్కుకు వర్తిస్తుందో తేలాలంటే, బ్యాటరీ దగ్గర బయల్దేరిన వోల్టేజీలో ఎంత బల్బు దాకా చేరుతోందో చూడాలి. ఈ గొడవంతా ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది.

కరెంటు నడిచే దారి

హార్నెస్ అంటే కప్లర్లు (తీగలను కలిపే ప్లగ్గులు), ఫ్యూజు, రిలేలతో కలిపి ముందే కట్టిపెట్టిన వైర్ల కట్ట. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే విద్యుత్ స్విచ్. ఇది ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే, రిలే లేని ట్రక్కులో కరెంటు ఎటు నడుస్తుందో చూడాలి.

చాలా పాత పికప్పుల్లో, లారీల్లో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం డ్రైవరు చేతి కింద ఉన్న స్విచ్ గుండానే పోతుంది. బ్యాటరీ నుంచి బయల్దేరి, ఇంజను గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడలో ఉన్న కప్లర్ దాటి, డ్యాష్‌బోర్డులోని లైట్ స్విచ్‌కి వస్తుంది. అక్కడి నుంచి, దూరం పడే హై బీమ్, దగ్గర పడే లో బీమ్ మధ్య మార్చే డిప్పర్ స్విచ్‌కి, మళ్లీ అదే గోడ దాటి ముందుకు, చివరికి బల్బుకు చేరుతుంది. పాత అమెరికన్ పికప్పుల్లో ఆ డిప్పర్ కాలి కిందే, బురదా నీళ్లూ చేరే చోట ఉండేది. బల్బు నుంచి బాడీ ఎర్త్ ద్వారా, అంటే బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉండే ట్రక్కు లోహపు బాడీ ద్వారా, తిరుగు ప్రయాణం. హెడ్‌లైట్ బ్యాటరీకి ఒక మీటరు దూరంలోనే ఉన్నా, కరెంటు మాత్రం క్యాబిన్‌లోకి వెళ్లి చుట్టూ తిరిగి వస్తుంది.

తయారీదారు దీన్ని తెలియక చేయలేదు. ట్రక్కు కొత్తగా ఉన్నప్పుడు, అప్పటి తక్కువ వాట్ల సీల్డ్ బీమ్ దీపాలకు (బల్బు, రిఫ్లెక్టర్, అద్దం ఒకే ముక్కగా వచ్చేవి) ఆ తీగలు సరిపోయేవి. తర్వాత ఎక్కువ కరెంటు లాగే హాలోజన్ దీపాలు వచ్చాయి. తీగల చివర్లకు చిలుము పట్టింది, స్విచ్ పాయింట్లు కాలి నల్లబడ్డాయి, కప్లర్ పిన్నులు వదులయ్యాయి. వీటిలో ఏ ఒక్కటీ లైటును ఆర్పేంత పెద్దది కాదు. తలా కొంచెం తినేస్తాయి, అంతే.

ఒక వోల్టు పోతే ఎంత వెలుగు పోతుంది

హాలోజన్ బల్బు లోపల ఉండేది టంగ్‌స్టన్ ఫిలమెంట్. అది ఎంత వేడెక్కితే అంత తెల్లగా వెలుగుతుంది. వోల్టేజీ కాస్త తగ్గితే వేడి తగ్గుతుంది, వెలుగు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువగా పడిపోతుంది. ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం, బల్బు వెలుగు వోల్టేజీకి దాదాపు 3.4వ ఘాతంలో మారుతుంది. అంటే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు పది శాతం కాదు, సుమారు ముప్పై శాతం తగ్గుతుంది.

12 వోల్టుల హెచ్‌4 బల్బును తీసుకుందాం. దాని మీద 60/55 వాట్లు అని ఉంటుంది: హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55. దాని వెలుగును కొలిచేది మాత్రం 12 వోల్టుల దగ్గర కాదు, 13.2 వోల్టుల దగ్గర. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అక్కడ అది లో బీమ్‌లో సుమారు 1000 ల్యూమెన్లు (వెలుగును కొలిచే ప్రమాణం), హై బీమ్‌లో సుమారు 1650 ల్యూమెన్లు ఇవ్వాలి. ఇంజను నడుస్తున్నప్పుడు దానితో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీని 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంచుతుంది కాబట్టి, బల్బుకు 13.2 అందడం గొంతెమ్మ కోరికేమీ కాదు. బల్బు పని చేయాల్సింది అక్కడే. 12.2 మాత్రమే అందితే ల్యూమెన్లు 1000 నుంచి 770 దరిదాపులకు పడిపోతాయి. ఒక్క వోల్టుకు దాదాపు పావు వంతు వెలుగు పోయిందన్నమాట.

ఒక ట్రక్కు లెక్క

ఊహించుకున్న ట్రక్కే అయినా, తీగల నిరోధం అంకెలు నిజమైనవి. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ మీటరుకు సుమారు 18.5 మిల్లీ ఓమ్‌ల నిరోధం చూపుతుంది. రెండు లో బీమ్ బల్బులు తలా ఐదు ఆంపియర్ల చొప్పున మొత్తం పది ఆంపియర్లు లాగుతున్నాయి.

క్యాబిన్‌లోకి వెళ్లి తిరిగొచ్చే ఉమ్మడి తీగ ఐదు మీటర్లు. దాని నిరోధం 92.5 మిల్లీ ఓమ్‌లు. పది ఆంపియర్ల దగ్గర అక్కడే 0.93 వోల్టు పోయింది. గోడ కప్లర్, లైట్ స్విచ్, డిప్పర్ పాతబడి తలా 20 మిల్లీ ఓమ్‌లు చూపుతున్నాయి అనుకుంటే ఇంకో 0.6 వోల్టు. అక్కడి నుంచి ఒక్కో దీపానికి వెళ్లే ఒకటిన్నర మీటరు తీగలో 0.14. వదులైన బల్బు హోల్డర్‌లో 0.08. తుప్పు పట్టిన ఎర్త్‌లో 0.15. అన్నీ కలిపితే 1.9 వోల్టులు. బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే బల్బుకు అందేది 11.9.

ఇప్పుడు అదే ట్రక్కుకు రిలే పెట్టాం. బ్యాటరీ నుంచి రిలేకి నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ ఒకటిన్నర మీటరు: 0.07 వోల్టు. ఫ్యూజు, దాని హోల్డర్, రిలే పాయింట్లు కలిపి: 0.1. రిలే నుంచి దీపానికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ: 0.06. కొత్త ఎర్త్ తీగ: 0.04. కొత్త హోల్డర్: 0.03. మొత్తం 0.3 వోల్టు. బల్బుకు 13.5 అందుతుంది.

11.9 దగ్గర బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, 13.5 దగ్గర సుమారు 1080. అంటే యాభై శాతం పైచిలుకు పెరుగుదల, అదే బల్బుతో. వోల్టేజీతో పాటు కరెంటు కూడా కొద్దిగా మారుతుంది కాబట్టి దశాంశం తర్వాతి అంకెలు అటూ ఇటూ కావచ్చు, ఫలితం మాత్రం ఈ చుట్టుపక్కలే ఉంటుంది.

మరి “రెట్టింపు” మాట? అది నిజం కావాలంటే రిలేకు ముందు బల్బుకు 11 వోల్టులే అందుతూ ఉండాలి. అంటే దారిలో దాదాపు మూడు వోల్టులు పోతుండాలి. మరీ పాడైన వైరింగ్‌లో అది జరుగుతుంది, అన్ని ట్రక్కుల్లోనూ జరగదు. పైగా కంటి చూపు కొలబద్దలా పని చేయదు. యాభై శాతం ఎక్కువ ల్యూమెన్లు కంటికి యాభై శాతం ఎక్కువగా అనిపించవు. చూడగానే తెలిసేది రంగు మార్పే, పసుపు వెలుగు తెలుపు వైపు జరుగుతుంది.

పాత దారిలో పోయిన 1.9 వోల్టులు గాలిలో కలిసిపోలేదు. పది ఆంపియర్లతో లెక్కేస్తే సుమారు 19 వాట్లు. తీగలను, కప్లర్లను, స్విచ్‌లను వేడి చేయడానికే అవి ఖర్చయ్యాయి. ఒక్కో స్విచ్ పాయింటు మీద రెండు వాట్ల వేడి. కాలితో నొక్కే డిప్పర్ వేడెక్కడానికీ, లైట్ స్విచ్ వెనక ప్లాస్టిక్ కరిగి ముద్దవడానికీ కారణం ఇదే. నన్నడిగితే, రిలే వేయించడానికి వెలుగు కన్నా ఇదే పెద్ద కారణం.

రిలే లోపల ఏముంది

రిలే డబ్బాలో ఒక కాయిల్ (తీగ చుట్ట), దాని పక్కన కదిలే ఒక పాయింటు ఉంటాయి. కాయిల్‌కి కరెంటు అందగానే అది అయస్కాంతమై పాయింటును లాగుతుంది, పెద్ద కరెంటు దారి తెరుచుకుంటుంది. పచ్చజెండా ఊపే గార్డు రైలును లాగనట్టే, రిలే వచ్చాక డ్యాష్‌బోర్డు స్విచ్ సైగ మాత్రమే చేస్తుంది, లోడు మోయదు. 12 వోల్టుల రిలే కాయిల్ సాధారణంగా 0.15 ఆంపియరు దగ్గర లాగుతుంది. పది ఆంపియర్లు మోసిన పాత తీగకు అది లెక్కలోకే రాదు. ఆ తీగ ఎంత పాతదైనా కాయిల్‌ను లాగడానికి సరిపోతుంది.

రిలే కాళ్ల మీద ఉండే అంకెలు కొత్తవాళ్లను తికమక పెడతాయి. అవి డిన్ 72552 అనే జర్మన్ ప్రమాణం నుంచి వచ్చాయి. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు. 87 అంటే రిలే పని చేసినప్పుడు బయటికిచ్చే కాలు. 85, 86 కాయిల్ రెండు చివరలు. కొన్నిటిలో 87ఎ అని ఐదో కాలు ఉంటుంది. రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు 30తో కలిసి ఉండేది అది. హెడ్‌లైట్ పనిలో దానితో అవసరం ఉండదు. పొరపాటున దీపం తీగ దానికి కలిస్తే లైటు స్విచ్ ఆపినప్పుడు వెలిగి, వేసినప్పుడు ఆరుతుంది.

85, 86 అటూ ఇటూ మారినా మామూలు రిలే పని చేస్తుంది, కాయిల్‌కి దిక్కుతో పని లేదు. కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే భాగం) ఉన్న రిలేలకు మాత్రం దిక్కు ఉంది: 86కి ప్లస్, 85కి ఎర్త్. తిరగేస్తే కరెంటు కాయిల్‌ను వదిలి డయోడ్ గుండా షార్ట్ అవుతుంది. ఫ్యూజన్నా పోతుంది, డయోడన్నా కాలుతుంది. డబ్బా మీద గీసిన చిన్న బొమ్మలో ఆ డయోడ్ కనిపిస్తుంది.

సాధారణ హార్నెస్‌లో లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు ఉంటాయి. పాత హెడ్‌లైట్ కప్లర్లలో ఒకటి హార్నెస్‌కు సైగ ఇవ్వడానికి వాడుకుంటారు. రెండోది ఖాళీగా ఉండిపోతుంది.

నష్టం ఏ వైపు ఉందో మీటరు చెబుతుంది

రిలే వేయాలా వద్దా అన్న వాదన చాలాసార్లు కొలవకుండానే నడుస్తుంది. కొలిచినా తప్పుగా కొలుస్తారు. బల్బు పీకేసి, ఖాళీ హోల్డర్‌లో మల్టీమీటర్ పెడితే 13.7 కనిపిస్తుంది, “వైరింగ్ బాగానే ఉంది” అనేస్తారు. బల్బు లేకపోతే కరెంటు లేదు, కరెంటు లేకపోతే నష్టమూ లేదు. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా అప్పుడు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. ఇంజను నడుస్తూ, బల్బు వెలుగుతూ ఉండగా వచ్చిన అంకెకే విలువ.

ఆ స్థితిలో రెండు కొలతలు ఉంటాయి. బ్యాటరీ ప్లస్‌కీ బల్బు ప్లస్ పిన్నుకీ మధ్య చూపే అంకె, సరఫరా దారిలో పోయింది. బల్బు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూపేది, తిరుగు దారిలో పోయింది.

ఒక ట్రక్కులో మొదటిది 1.7, రెండోది 0.1 వచ్చిందనుకోండి. రిలే హార్నెస్ పుట్టింది ఇలాంటి ట్రక్కు కోసమే. ఇంకో ట్రక్కులో మొదటిది 0.3, రెండోది 1.2. ఇక్కడ స్విచ్‌లూ తీగలూ బాగానే ఉన్నాయి, దెబ్బతిన్నది ఎర్త్. రేడియేటర్ పట్టీకి బిగించిన ఒక తుప్పు బోల్టు కారణం కావచ్చు. ఒక ఎర్త్ తీగతో పోయేదానికి మొత్తం హార్నెస్ అక్కర్లేదు. తమాషా ఏంటంటే, హార్నెస్ వేస్తే ఈ ట్రక్కు కూడా బాగవుతుంది, ఎందుకంటే అందులో కొత్త ఎర్త్ తీగలు ఉంటాయి. యజమాని మాత్రం “రిలే మహత్యం” అనుకుంటాడు. ఆన్‌లైన్‌లో కనపడే పొగడ్తల్లో ఇలాంటివీ కలిసే ఉంటాయి.

మూడో ట్రక్కులో రెండు అంకెలూ 0.2 దాటవు, లైటు మాత్రం మసకే. అక్కడ రిలేకి పనే లేదు. మసకబారిన అద్దం, వెండిపూత పోయిన రిఫ్లెక్టర్, పాతబడి నల్లబడిన బల్బు, గురి తప్పిన హెడ్‌లైట్ వీటిలో ఏదో ఒకటి కారణం. నాలుగోదాంట్లో ఇంజను నడుస్తున్నా బ్యాటరీ దగ్గరే 12.4 ఉంది. అది ఛార్జింగ్ సమస్య. బ్యాటరీ దగ్గరే లేని వోల్టేజీని ఏ రిలే తెచ్చిపెట్టదు.

తీగ మందం, ఫ్యూజు ఉండే చోటు

అమ్మకానికి వచ్చే హార్నెస్‌లన్నీ ఒకటి కావు. కొన్ని తీగ మందాన్ని గేజ్‌లో చెబుతాయి, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 14 గేజ్ అంటే సుమారు 2.1 చదరపు మిల్లీమీటర్లు, 18 గేజ్ అంటే 0.8. పైన లావుగా కనిపించే తీగ లోపల రాగి తక్కువ, ప్లాస్టిక్ ఎక్కువ కావచ్చు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలూ ఉన్నాయి. అదే మందంలో వాటి నిరోధం రాగి కన్నా బాగా ఎక్కువ. సన్న తీగలతో చేసిన హార్నెస్ స్విచ్‌ను కాపాడుతుంది గానీ, వెలుగులో పెద్ద తేడా తేదు. “వేశాను, ఏమీ మారలేదు” అనేవాళ్లలో కొందరి కథ ఇదే.

ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్క ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే, దాన్ని ఆపేవాడు ఎవడూ ఉండడు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలని పట్టుబట్టేది అందుకే. రిలే దగ్గర ఫ్యూజు పెట్టిన హార్నెస్‌లో మీటరు పొడవు తీగ రక్షణ లేకుండా మిగిలిపోతుంది. ఫ్యూజు విలువ కూడా ఇందులోంచే వస్తుంది. బ్లేడు ఫ్యూజును దాని విలువలో మూడొంతులకు మించి ఎడతెగకుండా నడపకపోవడం మంచిదంటారు. రెండు హై బీమ్‌లు కలిపి పదకొండు ఆంపియర్లు లాగితే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు సరిగ్గా అంచున నిలుస్తుంది. తీగ మందంగా ఉంటే 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు నిశ్చింత. సన్న తీగకు 30 పెడితే మాత్రం ఫ్యూజు కన్నా ముందు తీగే కాలుతుంది.

స్విచ్ ఎర్త్ వైపు ఉంటే

ఇప్పటిదాకా చెప్పింది స్విచ్ ప్లస్ వైపు ఉన్న ట్రక్కుల సంగతి. కొన్ని జపనీస్ వాహనాల్లో, ముఖ్యంగా పాత టయోటా పికప్పుల్లో, కథ తలకిందులు. బల్బు ఉమ్మడి పిన్నుకు ప్లస్ వస్తుంది. స్విచ్, డిప్పర్ ఎర్త్ వైపు దారిని కలుపుతాయి. అంటే లో బీమ్ వేసినప్పుడు లో బీమ్ పిన్నుకు వచ్చేది ప్లస్ కాదు, ఎర్త్.

మామూలు హార్నెస్ కాయిల్‌కి ఒక చివర బాడీ ఎర్త్‌కి బిగించి ఉంటుంది, రెండో చివర లో బీమ్ పిన్ను నుంచి ప్లస్ వస్తుందని ఎదురు చూస్తుంది. ఈ ట్రక్కులో ఆ చివరకూ ఎర్తే వస్తుంది. రెండు చివరలా ఎర్త్ ఉంటే కాయిల్ కదలదు, లైటు రాదు. హార్నెస్ మంచిదే, ట్రక్కు మంచిదే, జత కుదరలేదు. కాయిల్ రెండు చివరలనూ పాత కప్లర్ పిన్నులకే కలిపితే, ఉమ్మడి పిన్ను నుంచి ప్లస్, లో బీమ్ పిన్ను నుంచి ఎర్త్ అంది, రిలే పని చేస్తుంది. కొన్ని హార్నెస్‌లు రెండు రకాల ట్రక్కులకూ పనికొస్తాయని చెప్పుకునేది ఈ అమరికతోనే. డయోడ్ ఉన్న రిలేలైతే ఇక్కడే చేయి కాల్చుకుంటారు, దిక్కు మారిపోతుంది కాబట్టి.

ఇలాంటి ట్రక్కుల్లో డ్యాష్‌బోర్డు మీది హై బీమ్ సూచిక దీపం కూడా వింతగా ప్రవర్తించవచ్చు. కొన్ని వైరింగ్‌లలో ఆ చిన్న దీపానికి కరెంటు హెడ్‌లైట్ ఫిలమెంట్ గుండానే అందుతుంది. కప్లర్ నుంచి బల్బును తీసేసి రిలే పెట్టగానే ఆ దారి మారిపోతుంది. సూచిక వెలగదు, లేదా ఎప్పుడూ మిణుకుమంటుంది.

అమ్మీటరు, పగటి దీపాలు

డ్యాష్‌బోర్డులో అమ్మీటరు (కరెంటును కొలిచే మీటరు) ఉన్న పాత ట్రక్కుల్లో, ఉదాహరణకు పాత డాడ్జ్ పికప్పుల్లో, బ్యాటరీకి వెళ్లే వచ్చే కరెంటు మొత్తం ఆ మీటరు గుండా పోతుంది. అక్కడ రిలేకి కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి తీసుకుంటే, ఆల్టర్నేటర్ ఇచ్చే హెడ్‌లైట్ల పది ఆంపియర్లు అమ్మీటరు దాటి బ్యాటరీ వైపు వచ్చి, అక్కడి నుంచి దీపాలకు వెళ్తాయి. ముల్లు బ్యాటరీ ఎప్పుడూ ఛార్జ్ అవుతున్నట్టే చూపిస్తుంది. పాతబడ్డ అమ్మీటరు తీగల మీద అదనపు భారం పడుతుంది. ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ నుంచి తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. అమ్మీటరు లేని ట్రక్కులో ఈ వాదన మొత్తం అనవసరం.

పగటి పూట కూడా దీపాలు వెలిగించే మాడ్యూల్ ఉన్న ట్రక్కులు ఇంకో రకం. కెనడాలో 1989 డిసెంబరు నుంచి తయారైన కొత్త వాహనాలకు పగటి దీపాలు తప్పనిసరి. కొన్ని మాడ్యూళ్లు హెడ్‌లైట్లకు తక్కువ వోల్టేజీ ఇచ్చి, కొన్ని కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపుతూ వదులుతూ వెలుగు తగ్గిస్తాయి. రిలేకి సగం అనేది తెలియదు, అయితే లాగుతుంది, లేకపోతే వదిలేస్తుంది. సగం వోల్టేజీ వస్తే పగలంతా దీపాలు పూర్తి వెలుగులో ఉంటాయి, లేదా అసలు వెలగవు. ఆగి ఆగి వచ్చే కరెంటుకు రిలే టకటకా కొట్టుకుంటూ పాయింట్లు కాల్చుకుంటుంది.

వద్దనేవాళ్లు చెప్పేది

కంపెనీ వైరింగ్‌ను ముట్టుకోవద్దనేవాళ్లను ఊరికే తీసిపారేయలేం. పాత అమెరికన్ పికప్పుల్లో చాలావాటికి లైట్ స్విచ్ లోపలే సర్క్యూట్ బ్రేకర్ ఉండేది. షార్ట్ అయితే దీపాలు ఆగి ఆగి వెలుగుతాయి, డ్రైవరు బండిని పక్కకు తీసే వ్యవధి దొరుకుతుంది. ఒకే ఫ్యూజుతో రెండు హెడ్‌లైట్లూ నడిచే హార్నెస్‌లో ఆ ఫ్యూజు పోతే ఉన్నపళంగా చీకటి. ఒక్కో దీపానికి వేరు ఫ్యూజు పెడితే ఈ భయం సగం తగ్గుతుంది, కానీ కలిపే చోట్లు పెరుగుతాయి. ప్రతి కప్లర్, ప్రతి క్రింపింగ్ (తీగ కొసకు నొక్కి బిగించిన అతుకు), నీళ్లు పడే చోట తలకిందులుగా పెట్టిన ప్రతి రిలే కొత్త బలహీనతే. ఈ అభ్యంతరం రిలే అనే ఆలోచన మీద కన్నా నాసి పని మీద ఎక్కువ, అయినా రోడ్డు మీద చీకటి పడినప్పుడు ఆ తేడా ఎవరికీ ఊరట కాదు.

రెండో అభ్యంతరం బల్బు ఆయుష్షు. ఇది నిజం, హార్నెస్ అమ్మేవాళ్లు దీన్ని అంతగా చెప్పరు. ఫిలమెంట్ ఆయుష్షు వోల్టేజీకి సుమారు 13వ ఘాతంలో తగ్గుతుంది. మన లెక్కలో 11.9 నుంచి 13.5కి పెరిగినప్పుడు బల్బు ఆయుష్షు దాదాపు అయిదో వంతుకు పడిపోతుంది. మసకగా వెలిగిన బల్బు ఏళ్ల తరబడి రావడానికి కారణం అది తన పని పూర్తిగా చేయకపోవడమే. రిలే వేశాక దాని జీవితకాలం తయారీదారు అనుకున్న దగ్గరికి వస్తుంది. దీన్ని నష్టమనాలా, మామూలు స్థితి అనాలా అన్నది రాత్రిళ్లు ఎంత తిరుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది.

24 వోల్టుల లారీల్లో

పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. అంతే వాట్లకు సగం కరెంటు చాలు, కాబట్టి అదే తీగలో నష్టం వోల్టుల్లో సగమవుతుంది. మొత్తం వోల్టేజీ రెట్టింపు గనక, శాతంలో చూస్తే నష్టం నాలుగో వంతే. 14లో ఒక వోల్టు పోతే వెలుగు 22 శాతం పోతుంది, 28లో ఒక వోల్టు పోతే 12 శాతమే. తీగలు పొడవు కాబట్టి సమస్య లేదని కాదు, తీవ్రత తక్కువ. రిలే కూడా 24 వోల్టులదే కావాలి. 12 వోల్టుల కాయిల్ ఇక్కడ వేడెక్కి కాలిపోతుంది, 24 వోల్టులది చిన్న ట్రక్కులో అసలు లాగదు.

వంద వాట్ల బల్బు, ఎల్‌ఈడీ

రిలే వచ్చాక చాలామందికి వచ్చే తదుపరి ఆలోచన 100/90 వాట్ల బల్బు. తీగలు మోస్తాయి, నిజమే. హోల్డర్, రిఫ్లెక్టర్, ప్లాస్టిక్ అద్దం ఆ వేడిని మోయడానికి తయారైనవి కావు, సిరామిక్ హోల్డర్ మొదటి సమస్యను మాత్రమే తీరుస్తుంది. చాలా దేశాల్లో ఇవి రోడ్డు మీద వాడకానికి ఆమోదం లేనివి. ఎదుటివాడి కళ్లలో పడే వెలుగు కూడా అంతే లెక్కలో పెరుగుతుంది.

ఎల్‌ఈడీ బల్బుల వాళ్ల వాదన వేరు: అవి లాగే కరెంటు హాలోజన్‌లో సగం, లోపలి డ్రైవర్ వోల్టేజీ కాస్త తగ్గినా వెలుగు తగ్గనివ్వదు, ఇక రిలే ఎందుకు? వోల్టేజీ వరకు ఈ మాట సరైనదే. ఎల్‌ఈడీ వేస్తే రిలే వల్ల వచ్చే లాభం దాదాపు మాయమవుతుంది. చిక్కు ఇంకో చోట ఉంది. హాలోజన్ హెడ్‌లైట్ రిఫ్లెక్టర్‌ను ఒక సన్నని ఫిలమెంట్ ఉండే స్థానాన్ని బట్టి రూపొందిస్తారు. ఎల్‌ఈడీ చిప్పులు ఆ స్థానంలో, ఆ ఆకారంలో లేకపోతే వెలుగు రోడ్డు మీద కన్నా ఎదురొచ్చేవాళ్ల ముఖం మీద ఎక్కువ పడుతుంది. అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణం 108 ప్రకారం హాలోజన్ బల్బు కోసం తయారైన హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బుకు ఆమోదం లేదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని నిర్దిష్టమైన ఎల్‌ఈడీ బల్బులను, జాబితాలో ఉన్న వాహనాల్లో మాత్రమే అనుమతిస్తున్నారు. పాత ట్రక్కులు అలాంటి జాబితాలో దొరకడం అరుదు.

హాలోజన్‌తోనే ఉండిపోయేవాళ్లకు హార్నెస్ తర్వాత ఒక పని మిగిలే ఉంటుంది, గురి సరిచూడటం. వెనక బరువు ఉన్నప్పుడు ట్రక్కు ముక్కు పైకి లేస్తుంది, దాంతో లో బీమ్ కూడా లేస్తుంది. 700 ల్యూమెన్లతో ఎవరూ పట్టించుకోని ఆ తప్పు 1080 దగ్గర ఎదుటి డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది.